స్క్రూ తీస్తే ఎముక ఎలా అతుకుతుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఆదోని. మా ఆయన వయసు 36. సెంట్రింగ్ పని చేస్తారు. ఏడు నెలల కిందట ఎమ్మిగనూరు రోడ్డులో బైకు మీద వస్తుంటే ట్రాక్టరు తగిలి కుడి తొడ ఎముక నడిమధ్యలో విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. పైన రెండు, కింద రెండు స్క్రూలు ఉన్నాయి. మూడు నెలలకు వాకర్ వదిలేశారు. ఇప్పుడు కుంటుతూ నడుస్తారు, నాలుగడుగులు వేస్తే తొడలో నొప్పి అంటారు. మొన్న ఎక్స్‌రే తీసి ఎముక ఇంకా సరిగ్గా అతకలేదని, కింది స్క్రూ ఒకటి తీసేస్తే అతుకుతుందని డాక్టరు చెప్పారు. అతకనప్పుడు స్క్రూ తీస్తే ఎలా అతుకుతుందో నాకు అర్థం కావడం లేదు. మా మామ ఏమో, ఎటూ కోస్తున్నారు కదా, రాడ్ కూడా తీసెయ్యమని చెప్పు, ఒంట్లో ఇనుము ఉంటే తుప్పు పడుతుంది, ఎండాకాలం కాలుతుంది అంటున్నారు. మా చిన్నమామ పుత్తూరు పోయి కట్టు కట్టించుకొద్దాం అంటున్నారు. మోకాలు పూర్తిగా వంగదు, కింద కూర్చోలేరు. బీడీలు తాగుతారు. కాలు బాగైతే తిరుమలకు మెట్లెక్కి వస్తాడని మా అత్త మొక్కుకుంది. పని లేక ఏడు నెలలు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
— ఒక సోదరి, ఆదోని

జవాబు:

అమ్మా,

మీ ఇంట్లో అందరూ సలహాలు చెబుతున్నారు గానీ, అడగాల్సిన ప్రశ్న మీరొక్కరే అడిగారు. అతకని ఎముకకు స్క్రూ తీస్తే ఎలా అతుకుతుందని. బయట వరసలో అంతమంది కూర్చుని ఉంటే మీ డాక్టరుకు దానికి జవాబు చెప్పే తీరిక దొరికి ఉండదు. రిటైరైన నాకు తీరికే తీరిక.

తేల్చి చెప్పాల్సినవి ముందు చెప్పేస్తాను. రాడ్ తీయించకండి. స్క్రూ తీయించడం సరైన దారే కావచ్చు, కాకపోతే అంతకు ముందు మీ డాక్టరును కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. పుత్తూరు ప్రయాణం మానుకోండి. బీడీ ఈ రోజే మాన్పించండి. ఎందుకో ఇక చెబుతాను.

మీ ఆయన సెంట్రింగ్ పని చేస్తారన్నారు కాబట్టి నా పని సులువైంది. ఈ జవాబు ఆయనకే చదివి వినిపించండి. స్లాబ్ వెయ్యాలంటే ముందు కింద కట్టెలు నిలబెట్టి పైన రేకులు పరుస్తారు. ఆ తర్వాతే కాంక్రీటు. పోసిన రోజు బరువంతా మోసేది సెంట్రింగే. రెండు మూడు వారాలు పోయి, స్లాబ్ తన బరువు తాను మోసుకోగలిగినప్పుడు రేకులు విప్పుతారు. ఇంటాయన తొందరపెడుతున్నాడని నాలుగో రోజే విప్పితే ఏమవుతుందో మీ ఆయనకు నేను చెప్పక్కర్లేదు. తొడలో వేసిన రాడ్ కూడా సెంట్రింగే. ఎముకను అతికించే గుణం దానికి లేదు. విరిగిన రెండు ముక్కలూ ఒక వరసలో నిలబడేలా, కాలు వంకర పోకుండా, కురచ కాకుండా పట్టుకుని ఉంటుంది. అతుక్కోవాల్సింది ఎముక. ఏడు నెలలైనా స్లాబ్ ఇంకా పచ్చిగానే ఉందని ఎక్స్‌రే చెబుతుంటే, కట్టెలన్నీ ఒకేసారి లాగెయ్యమంటున్నారు మీ మామగారు.

తొడ ఎముక మన ఒంట్లో అన్నిటికంటే పొడవైనది, గట్టిది. అయినా లోపల వెదురు బొంగులా బోలుగా ఉంటుంది. ఆ బోలులో మూలుగ ఉంటుంది. రాడ్ దించేది అందులోకే. పెద్దవాళ్ళకు సాధారణంగా 9 నుంచి 12 మిల్లీమీటర్ల లావు రాడ్ వేస్తాం, అంటే మీ ఆయన సైట్లో రోజూ చూసే 10, 12 కమ్మీలంత. పొడవు మనిషి ఎత్తును బట్టి 40 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కమ్మీకీ దీనికీ తేడా ఏమిటంటే ఇది లోపల గొట్టంలా ఖాళీగా ఉంటుంది. తొడ ఎముక ముందుకు కొంచెం విల్లులా వంగి ఉంటుంది కాబట్టి దీనికీ ఆ వంపు పెడతారు. మీ ఆయనకు తుంటి పక్కన కుట్లు ఉంటే రాడ్ పైనుంచి దించారని, మోకాలి ముందు ఉంటే కిందినుంచి ఎక్కించారని అర్థం. విరిగిన చోట మామూలుగా కొయ్యరు. కాలు లాగి పట్టి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ ముక్కలను వరసలోకి తెస్తారు. ముందు ఒక సన్నటి తీగ దింపి, దాని మీదుగా బోలును కాస్త తొలిచి, ఆ తీగ మీదే రాడ్ పంపిస్తారు. విరిగిన చోటు తెరవకపోవడం వల్ల అక్కడ గడ్డకట్టిన రక్తం, చుట్టూ ఉన్న కండ, ఎముకకు రక్తం తెచ్చే పై పొర అన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఎముక అతకడానికి కావాల్సిన సామాను అదే.

ఇలా చెయ్యొచ్చని చేసి చూపించినాయన గెర్హార్డ్ కున్‌చర్ అనే జర్మన్ డాక్టరు. 1939 నవంబరులో కీల్ నగరంలో తొడ విరిగిన ఒక మనిషికి మొదటిసారి ఈ ఆపరేషన్ చేశాడు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో సర్జన్ల సభలో చెబితే, మూలుగలోకి కడ్డీ దించడమేమిటని చాలామంది మండిపడ్డారు. యుద్ధం ముగిశాక జర్మనీ చెరలోంచి ఇంటికొచ్చిన కొందరు అమెరికా సైనికులకు ఎక్స్‌రే తీస్తే తొడలో పొడుగాటి కడ్డీ కనబడి అక్కడి డాక్టర్లు నోరెళ్ళబెట్టారు. అంచేత మీ మామగారి అనుమానాన్ని నేను వెక్కిరించను. ఎనభై ఏళ్ళ కిందట పెద్ద పెద్ద సర్జన్లకే వచ్చింది.

1980ల్లో నేను కర్నూలులో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు తొడ విరిగినవాళ్ళలో చాలామందికి బరువులే వైద్యం. కాలికి బరువు వేలాడదీసి, మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, రెండు మూడు నెలలు వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. ఆదోని నుంచి, ఆళ్ళగడ్డ నుంచి, అటు గద్వాల నుంచి వచ్చినవాళ్ళు అక్కడే వంట చేసుకుంటూ ఒక పంటకాలం గడిపేసేవాళ్ళు. ఎముక అతికేది గానీ మోకాలు బిగుసుకుపోయేది, వీపు పుండ్లు పడేది. రాడ్ అప్పుడూ ఉంది, కె-నెయిల్ అనేవాళ్ళం, దానికి అడ్డ స్క్రూలు ఉండేవి కావు. ఎముక నుజ్జయిన మనిషికి అది వేస్తే కాలు కురచైపోయేది, లేదా పాదం బయటికి తిరిగిపోయేది. రాడ్‌కు పైనా కిందా స్క్రూలు వేసి బిగించే పద్ధతి 1970ల్లో జర్మనీ, ఫ్రాన్సుల్లో మొదలైనా, మన జిల్లా ఆసుపత్రుల దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ఆపరేషన్ మరుసటి రోజే మనిషిని మంచం దించుతున్నాం. నూటికి 90 మందికి పైగా ఆ ఒక్క ఆపరేషన్‌తోనే అతికిపోతుంది. మీ ఆయన ఆ మిగిలిన కొద్దిమందిలో పడ్డారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. తర్వాత అక్కడ జిగురులాంటి మెత్తటి పదార్థం పుడుతుంది. దాన్లోకి సున్నం చేరి మెల్లగా గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో విరిగిన గీత పక్కన తెల్లటి మబ్బులా కనబడేది అదే. ఆ మబ్బు పై ముక్క నుంచి కింది ముక్కకు వంతెన కట్టాలి. తొడ ఎముకకు దీనికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. అయితే తొలి వారాల్లో విరిగిన అంచులు కొద్దిగా అరిగి వెనక్కి తగ్గుతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు పడుతుంది. మనిషి నిలబడి బరువు వేస్తే ఆ సందు మూసుకుపోవాలి. కానీ పైనా కిందా స్క్రూలు బిగించి ఉన్నాయి కదా, ముక్కలు దగ్గరికి రావాలన్నా అవి రానివ్వవు. ఒంటి బరువు పై ఎముక నుంచి పై స్క్రూల్లోకి, అక్కణ్ణుంచి రాడ్‌లోకి, మళ్ళీ కింది స్క్రూల గుండా కింది ఎముకలోకి పోతోంది. ఊళ్ళోకి రాకుండా బైపాస్ రోడ్డులో వెళ్ళిపోయే లారీల్లాగా, విరిగిన చోటును తాకడమే లేదు.

సెంట్రింగ్ పోలిక ఇక్కడ తప్పుతుంది. స్లాబ్ కదలకుండా ఉంటే గట్టిపడుతుంది. ఎముకకు మాత్రం బరువు పడాలి. బరువు పడితేనే ఇక్కడ పని ఉందని దానికి తెలుస్తుంది. అందుకే కింది స్క్రూ ఒకటి తీస్తామన్నారు. చాలా రాడ్లకు ఒక రంధ్రం గుండ్రంగా, ఒకటి నిలువుగా సాగినట్టు కోలగా ఉంటుంది. గుండ్రటి రంధ్రంలోని స్క్రూ తీసేస్తే, కోల రంధ్రంలోని స్క్రూ కొన్ని మిల్లీమీటర్లు పైకీ కిందికీ జారగలదు. కాలు మెలితిరగకుండా అది పట్టుకునే ఉంటుంది, ముక్కలు మాత్రం దగ్గరికి వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇంతే సంగతి. డాక్టర్లు దీన్ని డైనమైజేషన్ అంటారు. చీటీలో ఆ మాట కనబడితే కంగారు పడకండి.

పని చిన్నది. అర అంగుళం గాటు, రెండు మూడు కుట్లు. అదే రోజో మరుసటి రోజో ఇంటికి పంపిస్తారు. కానీ స్క్రూ తీయించుకొచ్చి ఇంట్లో మంచం మీద పడుకుంటే తీయించిన ఫలితం ఉండదు. డాక్టరు సరే అన్నాక ఆ కాలి మీద బరువు వేసి నడవడమే అసలు వైద్యం. తర్వాత ఆరు వారాలకోసారి ఎక్స్‌రే.

ఈ ఉపాయం అన్ని విరుగుళ్ళకూ పనికిరాదు. కట్టెను రంపంతో అడ్డంగా కోసినట్టు విరిగిన ఎముకకు బాగా పనిచేస్తుంది. పొడుగ్గా ఏటవాలుగా చీలినా, ముక్కలు ముక్కలైనా స్క్రూ తీస్తే ముక్కలు ఒకదాని మీదికొకటి జారి కాలు పొట్టి అవుతుంది. కాబట్టి మీ డాక్టరును మొదట అడగాల్సింది, విరిగింది అడ్డంగానా, ఏటవాలుగానా అని. రెండోది, లోపల చీము గానీ ఉందేమో చూశారా అని. పైకి గాయం మానినట్టే ఉన్నా లోపల నెమ్మదిగా ఇన్‌ఫెక్షన్ ఉంటే ఎముక అతకదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని రెండు రక్తపరీక్షలు, పెద్ద ఖర్చు కాదు, చేయించండి. దాంతోపాటు షుగరు, విటమిన్ డి కూడా చూపించండి. 36 ఏళ్ళకు షుగరేమిటి అనకండి. ఈమధ్య ప్రమాదంలో కాలు విరిగి ఆసుపత్రికి వచ్చాకే షుగరు ఉన్నట్టు తెలిసినవాళ్ళు తక్కువేం కాదు. ఇంకొక్కటి, రాడ్ ఎముక బోలుకు తగినంత లావుందా అని అడగండి. పెద్ద బోలులో సన్నటి రాడ్ ఉంటే అది అటూ ఇటూ ఊగుతుంది. అలాంటప్పుడు స్క్రూ తీస్తే ఇంకా ఊగుతుంది.

అలా ఉన్నా, స్క్రూ తీసి మూడు నెలలు చూసినా కదలిక లేకపోయినా, తర్వాతి మెట్టు రాడ్ మార్చడం. పాతది తీసి, బోలును మళ్ళీ తొలిచి, ఒకటి రెండు మిల్లీమీటర్లు లావుది వేస్తారు. తొలిచినప్పుడు రాలిన ఎముక పొడి విరిగిన చోట చేరి విత్తనంలా పనిచేస్తుంది. కొందరికి తుంటి గట్టు నుంచి కాస్త ఎముక తీసి అక్కడ పెట్టాల్సి వస్తుంది. ఇవేవీ అరుదైన పనులు కావు, కర్నూలులోనే చేస్తారు. మొదటి ఆపరేషన్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద జరిగి ఉంటే, కార్డు పట్టుకుని ఆ ఆసుపత్రిలోని వైద్యమిత్రను కలవండి. రెండోసారికి ఏం వర్తిస్తుందో డబ్బు కట్టకముందే అడగండి. 104కు ఫోన్ చేసినా చెబుతారు.

ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది, నడుస్తూనే ఉన్నాడు కదా అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. బైండింగ్ వైరును మీ ఆయన ఎలా తెంపుతారో గుర్తు చెయ్యండి. కట్టరు చేతికి అందకపోతే అటూ ఇటూ పదిసార్లు వంచుతారు, పుటుక్కున తెగుతుంది. రాడ్ కూడా అంతే. ఎముక అతికేదాకా మోయడానికి చేసిన వస్తువది, ఎల్లకాలం మోయడానికి చెయ్యలేదు. రోజుకు కొన్ని వేల అడుగులు, అడుగుకోసారి సన్నగా వంగడం. ఎముక ముందు అతుకుతుందా, రాడ్ ముందు విరుగుతుందా అన్న పందెం లోపల నడుస్తుంటుంది. లోపలే విరిగిన రాడ్‌ను, అందులోనూ మోకాలి వైపు ముక్కను బయటికి లాగడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. అతికిందని తేలేదాకా బరువులెత్తడం, నిచ్చెనలెక్కడం, బైకు నడపడం వద్దని చెప్పేది అందుకే.

తుప్పు సంగతి. ఆ రాడ్ టైటానియం లోహమిశ్రమంతో గానీ, ఆపరేషన్లకు వాడే 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో గానీ చేసింది అయి ఉంటుంది. స్టీలులో ఉండే క్రోమియం గాలి, నీరు తగలగానే కంటికి కనబడని పలచటి పొర కడుతుంది. గీసుకుపోయినా మళ్ళీ తానే కట్టుకుంటుంది. ఒంట్లో అది సైట్లో పడేసిన కమ్మీలా ఎర్రగా తుప్పెక్కదు. టైటానియం దీనికంటే ఇంకా మొండిది. నికెల్ పడనివాళ్ళు చాలా కొద్దిమంది ఉంటారు, వాళ్ళ సంగతి వేరు. ఎండ మాటకొస్తే, ఆదోనిలో బయట ఎంత కాగినా తొడ లోపల ఉండేది ఒంటి వేడే, 37 డిగ్రీలు. రాడ్ కూడా అంతే వేడి. చలికాలం పొద్దున కొందరికి కాస్త సలుపు ఉంటుంది, అది నిజం. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే రాడ్ ఉందని ముందు చెప్పాలి, చాలావరకు ఇబ్బంది ఉండదు. ఉరుములప్పుడు పిడుగును లాగుతుందా అని కూడా ఒకాయన నన్ను అడిగాడు. లాగదు.

అసలు రాడ్ ఎప్పటికైనా తియ్యాలా? పెద్దవాళ్ళకు తొడలో రాడ్ ఇబ్బంది పెట్టకపోతే జన్మంతా ఉంచుకోవచ్చు. తుంటి దగ్గర పొడుచుకుంటుంటే తీస్తాం, అదీ ఏడాదిన్నర, రెండేళ్ళు దాటాక. ముందు నుంచీ పక్క నుంచీ తీసిన రెండు ఎక్స్‌రేల్లోనూ ఎముక నిండుగా కలిసిపోయి కనబడాలి. ఈ విషయంలో నేను ఒకసారి దెబ్బ తిన్నాను, చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, అప్పట్లో నేను పనిచేసే ఆసుపత్రికి ఒక పెద్దాయన కొడుకును తీసుకొచ్చాడు. సంబంధం కుదిరింది, కాల్లో ఇనుముందంటే పిల్లనివ్వరు, తీసెయ్యండి సారూ అని రోజూ వచ్చి కూర్చునేవాడు. ఏడాది కూడా నిండలేదు. ఎక్స్‌రేలో మూడు వైపులా బాగుంది, నాలుగో వైపు సన్నటి గీత. ఫరవాలేదులే అనుకుని తీశాను. పెళ్ళి జరిగింది. నెల తిరక్కుండా పిల్లవాడు బోరు దగ్గర పాచి మీద జారాడు, అదే చోట మళ్ళీ విరిగింది. రెండో రాడ్ నేనే వేశాను. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. మీ మామగారు మళ్ళీ రాడ్ ఎత్తితే ఈ కథ చెప్పండి.

పుత్తూరు కట్టు గురించి నన్ను అడగని మనిషి లేడు. చేయి, మణికట్టు లాంటివి కట్టుతో కుదురుకోవచ్చు, ఆసుపత్రులు లేని రోజుల్లో ఎంతోమందికి అదే దిక్కు. తొడ సంగతి వేరు. దాని చుట్టూ ఉన్న కండలు ఒంట్లోకెల్లా బలమైనవి. విరిగిన ముక్కలను అవి లాగేస్తుంటే పైనుంచి కట్టే ఏ కట్టూ ఆపలేదు. మీ ఆయనకైతే లోపల రాడ్ ఉంది, ముక్కలు వరసలోనే ఉన్నాయి. బయటి కట్టు కొత్తగా చేసేదేమీ లేదు. బిగించి కట్టినా, నూనె పెట్టి గట్టిగా మర్దన చేసినా చెరుపే. చిన్నమామగారు మంచి కోరే చెబుతున్నారు, ఆయన్ను నొప్పించకండి. ఆ కారు ఖర్చుతో గుడ్లు కొనండి.

ఇక బీడీ. మీ చేతిలో, మీ ఆయన చేతిలో ఉన్న పెద్ద మందు అది మానడమే. బీడీలోని నికోటిన్ సన్నటి రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, పొగ రక్తంలో ప్రాణవాయువును తగ్గిస్తుంది. విరిగిన చోటుకు చేరాల్సింది రక్తమే. స్లాబ్ పోసి నీళ్ళు కొట్టకపోతే పగుళ్ళు వస్తాయని ఆయనకు తెలుసు. ఎముకకు క్యూరింగ్ రక్తమే. బీడీ తాగినంతసేపూ ఆ పైపు మీద కాలు వేసి తొక్కినట్టు. తగ్గించాను అంటే కుదరదు, మానాలి. గుట్కా, ఖైనీ కూడా. నాకు అనుమానం, అంతా సరిగ్గా చేసినా ఎముక బద్ధకించిందంటే సగం నేరం దీనిదే అని. ఇంకోటి, నొప్పి అని మెడికల్ షాపులో డైక్లో లాంటి బిళ్ళలు నెలల తరబడి కొని మింగుతుంటే అదీ ఆపండి. మూత్రపిండాలకు చెరుపు, ఎముక అతకడాన్ని కూడా కొంత ఆలస్యం చేస్తాయి. ఏ బిళ్ళ వెయ్యాలో మీ డాక్టరునే రాయమనండి.

తిండికి డబ్బాల్లో పొడులు అక్కర్లేదు. రాగి సంగటి, పప్పు, రోజుకు రెండు గుడ్లు, పాలు, గుప్పెడు బుడ్డలు, పొద్దున కాస్త ఎండ. పొట్టేలు కాళ్ళ పులుసు ఎముకను అతికిస్తుందని నేను చెప్పలేను, రుచిగా ఉంటుంది, పెట్టండి. నల్లేరు పచ్చడి కూడా అంతే.

కుంటడానికి కారణాలు ఒకటి కాదు. నొప్పి ఒకటి. రాడ్ పైనుంచి దించితే తుంటి పక్క కండలు బలహీనపడటం ఇంకొకటి. ఎడమ వైపుకు తిరిగి పడుకుని కుడి కాలు చాచి పైకెత్తి పదంకెలు లెక్కపెట్టి దించాలి, రోజుకు మూడు పూటలు. మోకాలికి, మంచం మీద మడమ జరుపుతూ తనంతట తాను వంచడం. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని కిందికి నొక్కి పట్టడం. ఎవరూ మీద కూర్చుని బలవంతంగా వంచకూడదు, అతకని ఎముక మోకాలి కంటే ముందు వంగుతుంది. నడిచేటప్పుడు చేతికర్ర ఎడమ చేతిలో ఉండాలి. విరిగింది కుడి కాలు కదా అని అందరూ కుడి చేత్తో పట్టుకుంటారు, అది తప్పు. ఒకసారి వెల్లకిలా పడుకోబెట్టి రెండు పాదాలూ చూడండి. కుడి పాదం ఎడమ దానికంటే బాగా బయటికో లోపలికో తిరిగి ఉన్నా, మడమలు ఒక వరసలో లేకపోయినా డాక్టరుకు చూపించండి. ఒక సెంటీమీటరు లోపు తేడా చెప్పులో మందం పెట్టి సరిచేస్తారు. కింద కూర్చోవడం ఎముక అతికాక మెల్లగా వస్తుంది. అప్పటిదాకా బాత్‌రూముకు కుర్చీ లాంటిది ఏదైనా ఏర్పాటు చెయ్యండి.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర రసి కారినా, నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి నొప్పి పెరిగి కాలు కింద పెట్టలేకపోయినా ఆగకండి, అదే రోజు వెళ్ళండి. పిక్క వాచి ఆయాసం వస్తే 108కు ఫోన్ చెయ్యండి.

ఇంకో పని మీరే చెయ్యాలి, మీ ఇంట్లో ఇంకెవరూ చెయ్యరు. ఆపరేషన్ రోజు రాడ్ డబ్బా మీది స్టిక్కరు కేసు షీటులో అతికిస్తారు. కంపెనీ, లావు, పొడవు, బ్యాచి నంబరు దాని మీద ఉంటాయి. దాని నకలు అడిగి తీసుకోండి. రేపు రాడ్ మార్చాల్సి వస్తే, దాన్ని బయటికి లాగే పరికరం ఆ కంపెనీ మరకు సరిపోవాలి. అది తెలియక ఆపరేషన్ టేబుల్ మీద గంటలు గడిపిన రోజులు మాకున్నాయి. ఎక్స్‌రేలన్నీ తేదీల వరసన ఒకే సంచిలో పెట్టండి. మొన్నటిది ఒక్కటే చూస్తే ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. మూడు నెలల నాటిది, ఇప్పటిది పక్కపక్కన పెడితే మబ్బు పెరిగిందో లేదో తెలుస్తుంది.

అత్తగారి మొక్కు మిగిలింది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్స్‌రేలో నాలుగు వైపులా కలిసిపోయిందని డాక్టరు చెప్పాక ఇంకో మూడు నెలలు ఆగి ఎక్కనివ్వండి. అలిపిరిలో తనిఖీ యంత్రం కూతపెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. డిశ్చార్జి కాగితం జేబులో ఉంచుకుంటే సరి. ఎక్కి వస్తాడనే కదా మొక్కుకుంది, దిగి వస్తాడని కాదు. మెట్లు దిగడం మోకాలికి ఎక్కడం కంటే కష్టం. వచ్చేటప్పుడు బస్సులో రండి.